చేదు ఊరిన చోటు

ఆ ఉదయం మెట్లెక్కి వచ్చిన పిల్ల తలుపు తట్టలేదు. గుమ్మం అవతల నిలబడి, తెర సందులోంచి లోపలికి చూస్తూ ఉండిపోయింది. కుందుజ్ పాలసీసా కడుగుతూ తలెత్తేసరికి ఆ కళ్ళు కనిపించాయి. ఏడ్చి ఏడ్చి ఇక ఏడవడానికి ఓపిక లేని కళ్ళు.

"లోపలికి రామ్మా. ఇక్కడ కరిచేవాళ్ళెవరూ లేరు" అంది లోపలి బల్ల దగ్గర నుంచి సాదత్, తల తిప్పకుండానే.

ఓష్ పట్నంలో బజారు వెనక, దర్జీ దుకాణం మీది రెండు గదులే సాదత్ తుర్దుబాయెవా ఆఫీసు. ప్రాసిక్యూటర్ కచేరీలో ఇరవై ఆరేళ్ళు నేరాలు విచారించి, రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టింది. అరవై దాటిన మనిషి, ముందు రెండు పళ్ళూ బంగారమే. ఆమె కంటే పెద్దవాళ్ళు కూడా ఆమెను 'ఎజే' అనే పిలుస్తారు, అక్క అని.

కుందుజ్ ఆమె దగ్గర మూడేళ్ళుగా పని చేస్తోంది. నర్సింగు రెండో ఏడాదిలో పెళ్ళయింది, చదువు అక్కడే ఆగిపోయింది. తొమ్మిది నెలల కూతుర్ని కింద దర్జీ అమ్మాయిల దగ్గర పడుకోబెట్టి పైకి వస్తుంది. పైకి వచ్చినా చెవి కిందే ఉంటుంది. ఎజే పక్కన నిలబడి ఎజే ఆలోచించడం చూసే భాగ్యం కోసం ఆ భయాన్ని రోజూ మింగుతుంది.

వచ్చిన పిల్ల పేరు బురుల్. ఇరవై మూడేళ్ళు. కుర్చీ అంచున కూర్చుంది.

"మా అత్తకి నేను విషం పెట్టానంటున్నారు. పెట్టలేదు. ఇక్కడికొచ్చిన ప్రతివాళ్ళూ ఇదే మాట అంటారేమో, నాకు తెలీదు. నేను మాత్రం పెట్టలేదు."

"ఎవరంటున్నారు?"

"మా ఆడబిడ్డ దమీరా. మా ఆయన మాస్కోలో ఉన్నాడు, ఆయన కూడా ఫోన్లో అదే అన్నాడు. శుక్రవారంలోగా కాగితం మీద సంతకం పెట్టాలంట. బిడ్డని వాళ్ళకి వదిలేసి పుట్టింటికి పోతానని. పెట్టకపోతే పోలీసులకిస్తారంట." ఆమె కుర్చీలో ఇంకా ముందుకు జరిగింది. "మా ఇలిమ్‌కి రెండున్నరేళ్ళు. అత్తమ్మ పడిపోయిన రోజే వదిన వాణ్ణి ఎత్తుకుపోయింది. ఇరవై రోజులైంది ఎజే, వాణ్ణి చూసి."

కుందుజ్ సీసా కడగడం ఆపేసింది. తన కూతుర్ని ఒక పూట చూడకపోతేనే పాలు పొంగి చొక్కా తడుస్తుంది. ఇరవై రోజులంటే ఆమెకు ఊహ ముందుకు పోలేదు. ఆ రోజు మంగళవారం.

"మొదటి నుంచీ చెప్పు. ఏం తిన్నారో, ఏం తాగారో అన్నీ చెప్పు" అంది సాదత్.

బురుల్ చెప్పింది. అత్త అనీపా బజార్లో దుప్పట్ల గుడ్డ అమ్ముతుంది, నోరున్న మనిషి, నలుగురిలో పేరున్న మనిషి. పోయిన వేసవిలో కుడి వైపు కింది దవడ పళ్ళు రెండు ఊడితే, ఎముకలో మరలు బిగించి పెట్టే కొత్త రకం పళ్ళు పెట్టించుకుంది. శరత్కాలంలో వాటి మీద తెల్ల క్యాపులు వేశారు. నెల తిరక్కుండానే నోరు చేదంటూ మొదలుపెట్టింది. టీ చేదు, రొట్టె చేదు. చివరికి ఇరవై రోజుల కిందట టీ తాగుతూ తాగుతూ వణికిపోయి, ఒళ్ళు కాలిపోతూ పడిపోయింది. జబ్బు గుండెకి పాకిందన్నారు ఆసుపత్రిలో.

"వదిన వంటింట్లో వెతికితే జర్దాలు పళ్ళ గింజల్లో ఉండే చేదు పప్పుల డబ్బా దొరికింది. చేదు పప్పులో విషముంటుందని అందరికీ తెలుసు కదా, అది నూరి టీలో కలిపానంది. అవి అత్తమ్మవే, దగ్గుకి తింటుంది, రోజుకి మూడే."

"ఇంకేం దొరికింది?"

"దొరకలేదు. పోయింది." బురుల్ తల దించుకుంది. "అత్తమ్మ వాళ్ళమ్మ బంగారు పళ్ళు ఐదు మఖ్మల్ సంచిలో పెట్టెలో ఉంటాయి. పెద్దావిడ పోయినప్పుడు తీయించి దాచారు. అత్తమ్మ వాటిని వదినకి ఇస్తానని మాటిచ్చింది. ఆసుపత్రికి బట్టల కోసం వదిన పెట్టె తెరిస్తే మూడే ఉన్నాయి. దొంగ, హంతకురాలు, రెండూ ఒకే చేత్తో రాసేశారు నా నుదుట."

సాదత్ బల్ల మీద వేలితో ఒక గీత గీసింది.

"టీ చేదనేది. మొదటి గుక్కకేనా, ఆఖరి గుక్కకా?"

బురుల్ ఆలోచించింది. "తెల్లారి లేవగానే ఉత్త టీ ఒక పింగాణీ గిన్నెడు తాగుతుంది. అప్పుడేం అనదు. రొట్టె ముంచుకుని నమిలాక అంటుంది. మాంసం రోజున మరీ ఎక్కువ. కుడి బుగ్గ ఇలా బొటనవేలితో నొక్కుకుని ఉమ్మేస్తుంది."

"నిన్ను అనుమానించడం ఎప్పట్నుంచి?"

"మొదట్లో లేదు. నోరు పాడైంది కోడలా అనేది, అంతే. వసంతంలో నౌరూజ్ పండక్కి ముందు ఒక రోజు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది, మూడోసారి. ఆ సాయంత్రం నుంచే టీపొడి డబ్బాకి తాళమేసింది. నన్ను ముందు తాగమంది." బురుల్ పెదవి వంకర పోయింది. "నేను తాగాను. తియ్యగానే ఉంది."

*

ఆసుపత్రి వరండాలో దమీరా ముందుగానే ఎదురొచ్చింది. నలభై ఏళ్ళ లావుపాటి మనిషి, చేతిలో చారు సీసా.

"ఎజే, మీ పేరు విన్నాం. మంచి పేరు. కానీ వయసొచ్చాక జాలి ఎక్కువవుతుందంటారు, అది మీకూ తప్పలేదు కాబోలు."

"జాలి కాదమ్మా, కుతూహలం. అది వయసుతో తగ్గదు. రక్తంలో ఏముందన్నారు డాక్టర్లు?"

"క్రిములున్నాయన్నారు. నోట్లో ఉండే రకమట."

"విషం?"

"దొరకలేదంటారు. వీళ్ళకేం దొరుకుతుంది, మొన్న మా ఆయనకి ఎడమ కాలి బదులు కుడి కాలికి కట్టు కట్టారు. పప్పు కాకపోతే కుళ్ళు కలిపి ఉంటుంది. క్రిములు ఆకాశంలోంచి పడవు కదా."

క్రిములు ఎక్కడ నుంచి వచ్చాయో డాక్టరు చెప్పలేదు, దమీరాయే చెబుతోంది. కుందుజ్ అది గమనించి ఎజే వైపు చూసింది.

"చలికాలంలో మీ అమ్మ ఎప్పుడైనా కోడలికి దూరంగా ఉందా?" అంది సాదత్.

"ఎందుకుండదు? జనవరిలో మా ఇంట్లో పది రోజులుంది. నా చేత్తో చేసిన పలావు తిని కూడా ఉమ్ముతూనే ఉంది పాపం. ఆ పిల్ల పెట్టింది అంత లోతుకి ఇంకిపోయింది మరి."

"అంత లోతుకి ఇంకిపోయింది" అని సాదత్ ఆ మాటను మెల్లగా తిరిగి అంది.

అనీపా మంచం మీద సగం కూర్చుని ఉంది. మొహం పీక్కుపోయినా చూపులో పట్టు తగ్గలేదు. సాదత్ పలకరించి, బంగారు పళ్ళ మాట ఎత్తింది.

"సంచిలో ఐదు ఉండేవటగా?"

"నాకేం తెలుసు? నేను ఆసుపత్రిలో ఉన్నాను." అనీపా తల రుమాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురి వైపు ఒక్కసారి చూసి కిటికీ వైపు తిరిగింది.

"ఒకసారి నోరు చూపించు అనీపా. నేనూ బంగారు పళ్ళదాన్నే, సిగ్గెందుకు."

కుడి వైపు రెండు తెల్ల పళ్ళు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. సాదత్ చెంచా కాడతో ముందు దాని పక్కన చిగురు మెల్లగా నొక్కింది. ఏమీ కాలేదు. వెనక దాని పక్కన నొక్కింది. పంటికీ చిగురుకీ మధ్య నుంచి పసుపుపచ్చటి చుక్క ఒకటి ఊరింది. ఆ వాసనకి కుందుజ్ ఊపిరి బిగబట్టింది.

"చేదుగా ఉందా?" అంది సాదత్.

అనీపా కళ్ళు మూసుకుని తలూపింది. దమీరా చెయ్యి చారు సీసా మీదే ఉండిపోయింది. అక్కడ టీ లేదు, కోడలూ లేదు.

"గుండె డాక్టరు గుండె చూశాడు. నోట్లోకెవరూ చూడలేదు" అంది సాదత్ మెట్లు దిగుతూ. "చేదు బయట నుంచి లోపలికి పోలేదు కుందుజ్. లోపల నుంచే బయటికొస్తోంది. కానీ రెండు పళ్ళూ ఒకే చేతి పని. ఒకటి బాగుంది, ఒకటి కుళ్ళింది. ఎందుకు?"



*

జవాబు ఆ సాయంత్రం ఆఫీసులోనే దొరికింది, అదీ కుందుజ్ సిగ్గుపడే చోట. ఇంటికి వెళ్ళే ముందు ఆమె పాలసీసా మూత విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది.

"పాలు విరిగాయా?" అంది సాదత్.

"పాలు బాగానే ఉన్నాయి ఎజే. మూతే. దీని అసలు మూత పోయింది, ఇది వేరే కంపెనీది. బిగిస్తే బిగుతుగానే ఉంటుంది, తలకిందులు చేసినా కారదు. కానీ మూత మర సందులోకి పాలు దూరి అక్కడ పులుస్తాయి. పాప పీల్చినప్పుడల్లా ఆ పులుపు కొంచెం బయటికొస్తుంది, కొంచెం లోపలికెళ్తుంది. రోజూ మరిగిస్తాను, అయినా..." ఆమె ఆగింది. తానేదో నేరం ఒప్పుకున్నట్టనిపించింది. "రేపు కొత్తది కొంటాను."

సాదత్ ఆ సీసా తీసుకుంది. మూత బిగించింది, విప్పింది, మళ్ళీ బిగించింది. చాలాసేపు కిటికీ వెలుగులో తిప్పుతూ ఉంది.

"నర్సింగు రెండేళ్ళు చాలమ్మా నీకు. పద ఇంటికి. రేపు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం."

*

డాక్టర్ ఎర్కిన్ సమతోవిచ్ క్లినిక్ గోడలు పాలలా తెల్లగా ఉన్నాయి. తలుపు మీదే పెద్ద అక్షరాలతో రాసి ఉంది: ప్రతి ముక్కా ఫ్యాక్టరీదే, ప్రతి పన్నూ జీవితాంతం. డాక్టరు నలభై లోపువాడు, నవ్వు మొహం, పెద్దావిడల్ని 'అపా' అని మర్యాదగా పిలిచే రకం.

"అనీపా అపా సంగతి విన్నాను, చాలా బాధేసింది. మా పనిలో లోపం లేదండీ. ఇదిగో కార్డు."

పేషెంటు కార్డు మీద ప్రతి ముక్క వచ్చిన పెట్టె మీంచీ ఊడదీసి అంటించిన చీటీలు ఉన్నాయి. ఎముకలో దిగిన మరలవి రెండు. మరకీ క్యాపుకీ మధ్య కూర్చునే ముక్కది ఒకటి.

"మరలు రెండు, మధ్య ముక్కల చీటీ ఒకటే ఉందేం?" అంది సాదత్.

"రెండోది ఊడిపోయి ఉంటుంది. జిగురు."

"తక్కిన మూడూ ఊడలేదు. గట్టి జిగురే. ఎక్స్‌రే ఉందా?"

తెచ్చి దీపం పలక మీద పెట్టాడు. కుందుజ్ దగ్గరికి వంగి చూసింది. ఎముకలో రెండు బూడిద రంగు మరలు. ముందు మరలో కూర్చున్న ముక్క అదే బూడిద రంగు. వెనక మరలో కూర్చున్నది మంచు గడ్డలా తెల్లగా వెలుగుతోంది.

"ఇదెందుకంత తెల్లగా ఉంది?"

"ఫిల్ము లోపం కావచ్చు."

"సరిగ్గా ఆ ముక్క అచ్చంత మేరకే లోపమా? ముచ్చటైన లోపం. ఆవిడ ఎన్నిసార్లు తిరిగొచ్చింది?"

"మూడుసార్లు. ప్రతిసారీ శుభ్రం చేసి పంపాను."

"క్యాపు విప్పి చూశారా?"

"అవసరం అనిపించలేదు." డాక్టరు గోడ గడియారం చూశాడు. "చూడండి, నోరు చేదవడానికి వంద కారణాలు. ఇంట్లో ఏం తింటోందో నేనెలా చెప్పను? అదే ఆవిడకీ చెప్పాను."

"ఏమని చెప్పారు? ఆవిడతో అన్న మాటే అనండి."

"ఏదో అన్నాను. గుర్తులేదు."

బయటికొచ్చాక కుందుజ్ ఆపుకోలేకపోయింది. "ఎజే, ఎక్స్‌రేలో అంత తెల్లగా కనపడేది బంగారం. కాలేజీలో చూశాం, పాత క్యాపులున్నవాళ్ళ ఫిల్ముల్లో."

సాదత్ నవ్వింది. ఎండలో ఆమె ముందు పళ్ళు రెండూ మెరిశాయి. "అందుకే ఆ ఫిల్ము చూడగానే నాకు నా మొహం గుర్తొచ్చింది."

*

ఓష్‌లో బంగారు పళ్ళు పోత పోసేవాళ్ళు ఇప్పుడు ముగ్గురే మిగిలారు. మొదటి ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. మూడోవాడు హోల్మత్ ఉస్తా, అంటే హోల్మత్ మేస్త్రి, డెబ్బై ఏళ్ళ ముసలాయన. రొట్టె, టీ ముందు పెట్టి, వాళ్ళు రెండు ముక్కలు తిన్నాక గానీ మాట మొదలుపెట్టనివ్వలేదు.

"అనీపానా? వచ్చింది. తల్లి పళ్ళు రెండు రుమాల్లో కట్టుకుని వచ్చింది. పరాయి దేశపు ఇనుము నా ఎముకలో ఉంటే రేపు పైలోకంలో మా అమ్మ నన్ను పోల్చుకోదు ఉస్తా, అంది. అమ్మ బంగారం నా దవడని తాకుతూ ఉండాలి, కనపడకుండా వెనక పంట్లో పెట్టండి, అంది. కూతురికి తెలియనివ్వొద్దంది. కూతురికిస్తానని మాటిచ్చిందట. ఏడ్చింది కూడా."

"మీరు పోశారు."

"డాక్టరు చెబితే పోశాను. ఆయనే మైనపు అచ్చు పంపాడు. నేనన్నాను ఎజే, అల్లా సాక్షి, ఎదురుగా కూర్చుని అన్నాను: డాక్టరుగారూ, క్యాపు పోయమంటే కళ్ళు మూసుకుని పోస్తాను. కానీ ఇది మర లోపల కూర్చునే ముక్క. అది యంత్రం కోసినది, ఇది నిప్పులో పోసినది. చల్లారితే ముడుచుకుంటుంది, వెంట్రుక తేడా వస్తుంది. ఆ వెంట్రుకలోంచి ఏం దూరుతుందో నాకు తెలీదు, అన్నాను." ముసలాయన సొరుగు లాగాడు. "మొదటిది నాకు నచ్చక రెండోది పోశాను. అది కూడా నచ్చలేదు. ఆయన ఆకురాయితో రుద్ది, సిమెంటు పెట్టి బిగించేస్తానన్నాడు. మొదటిది ఇదిగో, ఆవిడకి తిరిగిద్దామంటే మళ్ళీ రాలేదు."

పిడికిలి విప్పితే అరచేతిలో బఠాణీ అంత బంగారు ముక్క.

"మీ మీద కేసు రావచ్చు ఉస్తా. అయినా ఇస్తున్నారు."

"నా వయసులో రాత్రుళ్ళు ఎలాగూ నిద్ర పట్టదు. కారణం ఒకటి తగ్గుతుంది."

*

గురువారం పొద్దున్న సాదత్ అందర్నీ అనీపా గదికి పిలిపించింది. ఆసుపత్రి సర్జను అప్పటికే ఆ వెనక పన్ను విప్పి తీశాడు. మంచం పక్కన దమీరా, గోడ పక్కన హోల్మత్ ఉస్తా, తలుపు దగ్గర బురుల్. ఇంకెవరూ ఆమెకు కుర్చీ చూపలేదు గనక కుందుజ్ తన కుర్చీ ఇచ్చింది. ఎర్కిన్ సమతోవిచ్ అందరికంటే ఆలస్యంగా, తెల్ల కోటుతోనే వచ్చాడు. దమీరా ఫోన్లో మాస్కో నుంచి ఆమె తమ్ముడు, బురుల్ మొగుడు కుబాన్ మొహం, వెనక ఏదో కడుతున్న భవనం.

"ముందు చేదు పప్పు సంగతి" అంది సాదత్. "ఆ విషం తిన్నవాళ్ళు ఆర్నెల్లు ఉమ్ముతూ కూర్చోరు. గంటలో తేలిపోతుంది, ఇటో అటో. జ్వరం రాదు, చీము పట్టదు. ఉత్త టీకి చేదు లేదు, నమిలితేనే ఉంది. కోడలి ఇంట్లోనే కాదు, కూతురి ఇంట్లోనూ ఉంది. మొన్న ఈ మంచం మీద, టీ లేకుండా కోడలు లేకుండా నా కళ్ళ ముందూ ఉంది. అంటే చేదు టీలో లేదు, పంట్లో ఉంది."

ఆమె సంచిలోంచి ఒక మర, ఒక సీసా తీసింది. సీసాలో దెబ్బలకి పూసే పచ్చమందు, పిల్లలున్న ప్రతి ఇంట్లో ఉండేదే.

"ఇది అలాంటి ఇంకో మర, వేరే డాక్టరు దగ్గర అడిగి తెచ్చాను. లోపల బోలు. ఇందులో ఒక చుక్క పచ్చమందు వేస్తున్నాను. పైన ఫ్యాక్టరీ ముక్క బిగిస్తున్నాను." తెల్ల గుడ్డలో చుట్టి, పట్టకారుతో పంటితో కొరికినట్టు పదేపదే నొక్కింది. గుడ్డ విప్పితే సూది మొనంత పచ్చ మచ్చ. "చూశారా? ఎంత మంచి ముక్కకైనా సందుంటుంది. మన కంటికి కనపడదు, క్రిమికి కనపడుతుంది. కాకపోతే అది గోడకి బీట లాంటిది. ఇప్పుడు ఇది."

హోల్మత్ ఉస్తా బంగారు ముక్క పెట్టి బిగించింది. రెండుసార్లు నొక్కేసరికి గుడ్డ మీద పచ్చటి ఉంగరం విచ్చుకుంది. అందరూ ముందుకు వంగారు. ఫోన్లో కుబాన్ మాత్రం "ఏమైంది, ఏం కనపడట్లేదు" అన్నాడు.

"ఇది వాకిలి" అంది సాదత్. "నమిలిన ప్రతిసారీ ముక్క వెంట్రుకంత కదులుతుంది. ఎంగిలి లోపలికి పోతుంది, ఆ చీకటి బోలులో కుళ్ళుతుంది, మళ్ళీ నమిలితే కుళ్ళు బయటికొస్తుంది. ఆర్నెల్లు అదే జరిగింది. చిగురు తిన్నది, ఎముక తిన్నది, చివరికి రక్తంలోకి దిగి గుండెని పట్టుకుంది. పొద్దున్న సర్జను విప్పితే లోపల నల్లగా ఉంది. సంచిలోంచి పోయిన రెండు పళ్ళూ ఎక్కడికి పోయాయో కూడా ఇప్పుడు తెలిసింది కదా. ఒకటి ఇది. రెండోది ఆ నల్లది."

దమీరా మెల్లగా తల్లి వైపు తిరిగింది. "అమ్మా?"

అనీపా దుప్పటి అంచు మడతపెడుతూ ఉంది. మడతపెట్టి విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.

"నేనే ఇచ్చాను" అంది చివరికి. "నీకిస్తానన్న మాట తప్పానని నీ మొహంలోకి చూడలేక ఊరుకున్నాను."

"ఊరుకున్నావా? ఇరవై రోజులు ఆ పిల్లని దొంగ అని నేను అరుస్తుంటే, ఈ మంచం మీదే పడుకుని విన్నావు కదమ్మా."

"నువ్వే అరిచావు, నేనేం అనలేదు" అంది అనీపా. అని, తన మాట తనకే వినపడినట్టు నోరు మూసుకుంది.

ఎర్కిన్ సమతోవిచ్ గొంతు సవరించుకున్నాడు. "నేనేం చెయ్యగలనండీ? పేషెంటు అడిగింది. పెద్దావిడ, ఏడ్చింది. మన జనం సంగతి మీకు తెలుసు, కాదంటే ఇంకొకడి దగ్గరికెళ్ళేది."

"అడిగింది ఆమె. తెలిసింది మీకు" అంది సాదత్. "కానీ డాక్టరుగారూ, మీ పెద్ద తప్పు ఆ ముక్క కూడా కాదు. మూడుసార్లు వచ్చింది. విప్పితే బంగారం బయటపడుతుంది, తలుపు మీద రాతకి మచ్చ. అందుకని పైపైన కడిగి పంపారు. మూడోసారి ఏమన్నారు? ఆ సాయంత్రమే ఈమె టీపొడికి తాళం వేసింది. అనీపా, ఏమన్నాడు?"

అనీపా డాక్టరు వైపు చూడకుండా చెప్పింది.

"ఇంట్లో ఎవరు వండుతారు అపా, అన్నాడు. కోడలు, అన్నాను. అయితే అటు చూసుకోండి, అన్నాడు. నవ్వుతూనే అన్నాడు."

"నేను సరదాకి..." అన్నాడు డాక్టరు.

"విషం పెట్టింది మీరే" అంది సాదత్. "టీలో కాదు, చెవిలో. నేను ఆరోగ్య శాఖకి కాగితం పెడతాను, కోర్టుకీ పెడతాను. ఏమవుతుందో ఇరవై ఆరేళ్ళు చూసినదాన్ని, నాకు తెలుసు. మీరు జరిమానా కట్టి, తలుపు మీద రంగు కొత్తగా వేయిస్తారు. అయినా పెడతాను."

హోల్మత్ ఉస్తా టోపీ తీసి చేతిలో పట్టుకుని అనీపాకి క్షమాపణ చెప్పాడు. ఆ గదిలో క్షమాపణ అడిగింది ఆయనొక్కడే.

అప్పుడు ఫోన్లోంచి కుబాన్ గొంతు వచ్చింది. "సరే అయితే, తేలిపోయింది కదా. మంచిదే. బురుల్, వింటున్నావా? ఇంటికెళ్ళు. అమ్మ వచ్చేసరికి ఇల్లు సర్దు, రెండు నెలలు ఒంటి చేత్తో చూసుకోవాలి."

బురుల్ లేచింది. ఫోను వైపు కాదు, దమీరా వైపు వెళ్ళింది.

"కాగితం చింపెయ్ వదినా. నా కొడుకు దగ్గరికి పద."

"బురుల్, నీతోనే" అన్నాడు ఫోన్లో కుబాన్. దమీరా ఫోను బోర్లా పెట్టేసింది.

*

దమీరా ఇల్లు నది అవతల. నలుగురూ టాక్సీలో బయల్దేరారు. మూల మీద తందూరు దగ్గర బురుల్ బండి ఆపించి, మాంసం కూరి కాల్చిన సంసా ఒకటి కొంది. వేడి చేతికి అంటకుండా కాగితం మార్చి మార్చి పట్టుకుంది. "వాడికి ఇదంటే ప్రాణం" అంది కుందుజ్‌తో. పొద్దుట్నుంచి ఆమె మొహంలో వెలుగు కనపడటం అదే మొదటిసారి. కుందుజ్‌కి తన కేసే గెలిచినంత సంతోషమేసింది. ఎజే మాత్రం కిటికీలోంచి నదిని చూస్తూ కూర్చుంది.

ఇలిమ్ వాకిట్లో మంచం మీద చెక్క గుర్రంతో ఆడుకుంటున్నాడు. తల్లిని చూడగానే లేచి నిలబడ్డాడు. పరిగెత్తి వచ్చి మెడ పట్టుకున్నాడు. బురుల్ మట్టిలోనే మోకాళ్ళ మీద కూలబడి వాడి జుట్టు వాసన చూసింది, చెవులు తడిమింది, వేళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. కుందుజ్ కళ్ళు తుడుచుకుంది.

బురుల్ సంసా విరిచి, ఊది, చిన్న ముక్క వాడి నోటి దగ్గర పెట్టింది.

వాడు నోరు తెరవబోయి ఆగాడు. పెదవులు గట్టిగా బిగించాడు. మేనత్త కోసం వెతికి, ఆమె మొహంలోకి చూశాడు.

"అమ్మది తినొద్దు" అన్నాడు. బాగా నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు స్పష్టంగా.

దమీరా గోడకి ఆనుకుంది. "తినొచ్చు నాన్నా. ఇప్పుడు తినొచ్చు" అంది.

వాడు కదల్లేదు. ఒక చెయ్యి తల్లి మెడ చుట్టూనే ఉంది, రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

కుందుజ్ ఎజే వైపు తిరిగింది, ఈ ముడి కూడా ఆమె విప్పుతుందేమోనని. సాదత్ వాకిలి దాటి బయటికి వెళ్ళి నిలబడింది.

బురుల్ ఏడవలేదు. ఆ ముక్క తన నోట్లో పెట్టుకుంది. వాడికి కనపడేలా మెల్లగా నమిలింది, మింగింది, నోరు తెరిచి చూపించింది. ఇంకో ముక్క విరిచింది. అదీ తిన్నది. అలా సగం అయింది.

వాడు నోటి మీద చెయ్యి తియ్యకుండా, ఆమెకేమవుతుందోనని చూస్తున్నాడు.